జత పీసు

సత్యం చచ్చిపోయాడన్న టెలిగ్రాం విశాఖపట్నం నుంచి ఢిల్లీకి ఒక్క పూటలో వచ్చింది. సత్యం బతికుండగా రాసిన పోస్టుకార్డు మాత్రం అదే బిల్డింగులో, గుమ్మం దగ్గర్నుంచి దయానందం బల్ల దాకా ముప్ఫై అడుగులు నడవడానికి పదకొండు రోజులు తీసుకుని, ఇంకా దార్లోనే ఉంది.

దయానందం గూఢచారి. పేరులో దయ ఉంది, ఆనందం ఉంది. మనిషిలో రెండూ నిల్లు. సెక్షన్‌లో అతని నంబరు పదకొండున్నర. పన్నెండో పోస్టు శాంక్షనయ్యేలోపల కొత్త పోస్టుల మీద నిషేధం వచ్చిపడి, ఆ అర దగ్గరే ఉద్యోగం అరిగిపోతోంది.

సెలవు చీటీ పట్టుకుని బాసు గదికి పోతూంటే, ట్రాన్స్‌లేషన్ గది ట్రేలో ఆ కార్డు కనిపించింది. ఆఫీసులో అందరూ దాన్ని ట్రాన్స్-లేటు సెక్షన్ అంటారు. పేరులోనే లేటుంటే పనిలో ఉండదా మరి? కార్డు మీద ఆ వంకర అక్షరాలు చూడగానే దయానందం దాన్ని ట్రేలోంచి లాక్కున్నాడు. జ్ఞానాపురం బళ్ళో ఒకే పలక మీద ఇద్దరూ దిద్దిన అక్షరాలవి.

"బావా, దండాలు. లేతు డబ్బాలో ఒక పీసు ఎట్టినాను. ఏ మిషనుదో అంతు సిక్కలేదు. నాకే అంతు సిక్కలేదంటే అది నీ డిపార్టుమెంటుదే అయ్యుంటాది. బేగి రా. సత్యం."

తలుపు తట్టకుండా బాసు గదిలోకి దూరాడు. బాసు శ్రీరామ్మూర్తి ఫైల్లోంచి తలెత్తాడు.

"పదకొండు రోజులు సార్! మూడో రోజున నా చేతికిస్తే ఈపాటికి మనిషి బతికుండేవాడు!"

"తెలుగులో ఉందయ్యా. అందుకని అనువాదానికి పంపారు."

"మీది శ్రీకాకుళం కదా సార్! మీకు తెలుగు రాదూ?"

"వచ్చు. అఫీషియల్‌గా రాదు."

బల్ల మీద అద్దం పగిలింది. అద్దం పగలడానికి ముందు దాని మీద దయానందం పిడికిలి పడింది.

శ్రీరామ్మూర్తి గాజుముక్కలు ఒక పక్కకి తోసి, తాపీగా బ్రీఫింగ్ మొదలెట్టాడు. "కూర్చో. నీ సెలవు కేన్సిల్. అదే ఊరికి డ్యూటీ మీద పో. విశాఖ రేవులోకి ఓడలొచ్చే కాలవ ఉంది చూశావూ, ఎక్కడెంత లోతు, నీటి కింద ఎక్కడే కాపలా, ఆ మ్యాపుని ఎవరో ఫొటో తీశారు. ఫిల్ము ఇంకా ఊరు దాటలేదు. దాటిందంటే శత్రువు సబ్‌మెరీన్ మన నట్టింట్లోకి చెప్పులతో వచ్చేస్తుంది."

"ఏ శత్రువు?"

"ఫైల్లో 'సముద్రానికి అవతల' అని ఉంది."

"అంటే అరవై దేశాలు."

"మనది ఫారిన్ పాలసీ ఉన్న దేశం. అనుమానం మీద విదేశీ ఓడని ఆపకు. వస్తువు చేతికి దొరికితేనే మనిషి మీద చెయ్యి వెయ్యి. పూర్ణా మార్కెట్లో ఎండుచేపల వరసలో మన మనిషి కలుస్తుంది, రేపు ఒంటిగంటకి. కోడ్ కవర్లో ఉంది."

సామాన్ల గదివాడు ఒక కెమెరా పెన్నూ, ఒక ట్రాన్స్‌మీటర్ వాచీ ఇచ్చాడు. పెన్ను ఫొటో తియ్యదు, రాయదు. వాచీ మాత్రం పనిచేస్తుంది. గుండీ నొక్కితే వివిధభారతి వస్తుంది.

* * *

మర్నాడు పొద్దున్న జ్ఞానాపురం చర్చి వెనక సందులో ఆరోగ్యమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. సత్యం తల్లి. కళ్ళల్లో చుక్క తడి లేదు. చేతిలో పోలీసువాళ్ళ కాగితం నకలు ఉంది.

"నాన్నా దయానందం, ఇది సదువు. ముగ్గురి సేత సదివించినాను. నువ్వు నాలుగోవోడివి. నువ్వేనా ఏరేగా సదువుతావేమోనని."

అతను చదివాడు. లేతు చక్కులో కీ వదిలేసి స్విచ్చి వేయుట చేత, సదరు కీ ఎగిరి కణతకు తగిలి, మృతుని అజాగ్రత్త వలన మరణము సంభవించినది. కాగితం వేరేగా చదవనివ్వలేదు.

"దేవుడిచ్చినాడు, దేవుడే తీసుకున్నాడని ఫాదర్ సెప్పినారు. సరే అన్నాను. మరి ఈ అజాగ్రత్త ఎవుడిచ్చినాడు? దేవుడిచ్చినాడేటి?" ముసలామె గొంతు పెరిగింది. "ఇరవయ్యేళ్ళు లేతు మీద పన్జేసి, రోజూ పది వేళ్ళూ తిన్నగా ఇంటికి తెచ్చినోడు నా కొడుకు! ఆ ఒక్క మాట తీయించు. తీసీదాకా సమాధి రాయి మీద పేరు సెక్కించను. అజాగ్రత్తోడి పేరు నాకొద్దు."

"తీయిస్తానమ్మా."

"కోపంగా సెప్తన్నావా, నిజంగా సెప్తన్నావా?"

"రెండూనమ్మా."

* * *

మేరీమాత ఇంజినీరింగ్ వర్క్స్ అంటే పేరు పెద్దది, షెడ్డు చిన్నది. రేకుల కింద ఇనుముని గిర్రున తిప్పి చెక్కే లేతు ఒకటి, ఒక డ్రిల్లు, ఒక గ్రైండింగు రాయి. స్టీలు ప్లాంటు కట్టే కాంట్రాక్టర్ల దగ్గర్నుంచి చేపల లాంచీల వాళ్ళ దాకా, ఏది విరిగినా పట్టుకొచ్చేది ఇక్కడికే. సత్యంతో పాటు పనిచేసిన తవిటయ్యది ఆనందపురం పక్క పల్లె. అరవై దాటాయి. కళ్ళల్లో శుక్లాలు. సత్యం పోయే ముందు మూడు వారాలూ అతను కంటాసుపత్రిలోనే ఉన్నాడు, కబురు తెలిసి ఆపరేషను కాకుండానే వచ్చేశాడు. లేతు పనివాణ్ణి టర్నరంటారు; అంతటి ముదురు టర్నరు ఊళ్ళో ఇంకొకడు లేడు.

దయానందం పోలీసు స్టేషన్లో సంతకం పెట్టి తెచ్చిన కీని అతని చేతిలో పెట్టాడు. చక్కు అంటే లేతు మీద పనిముక్కని పట్టుకుని గిర్రున తిరిగే ఇనుప పిడికిలి. ఆ పిడికిలిని బిగించే తాళంచెవి ఈ కీ. సత్యం కణత పగలగొట్టింది ఇదేనని కాగితం అంటోంది.

తవిటయ్య దాన్ని వేళ్ళతో తడిమాడు. తరవాత తిట్టాడు. ఆ తిట్టు అచ్చులోకి రాదు, హల్లులు ఎక్కువ.

"బాబూ, మా కీ ఇది కాదు. మా కీని సత్యం గొలుసేసి మొలకి కట్టుకునీవోడు. శవం మొలకి కూడా అదే ఉందంట. పోలీసోలు కింద పడిందాన్ని రాసుకుని ఎల్లిపోనారు, మొలకున్నదాన్ని ఎవుడూ సూల్లేదు. ఇదిగో, దీన్ని మా చక్కులో ఎట్టి తిప్పు."

పెట్టాడు. తండ్రి చొక్కా తొడుక్కున్న పసివాడిలా కీ లోపల లొడలొడలాడింది. చక్కు కదల్లేదు.

"దీంతో మా చక్కు బిగించలేవు. బిగించనప్పుడు ఇందులో మరిసిపోడమేటి, ఎగరడమేటి?" తవిటయ్య కీని బల్ల మీద గుద్దాడు. "సేత్తో పట్టుకుని కొట్టినారు! ఎనక నుంచి! ఇంత సిన్న కీ అంటే ఇంత సిన్న లేతు. ఊర్లో ఎవుడి కాడా నేదు. ఓడల్లో ఉంటాది, ఇంజిను రూములో ఓ మూల."

దయానందం పళ్ళు పటపటమన్నాయి. అజాగ్రత్త సత్యానిది కాదు, రాసినవాడిది.

"మరి డబ్బాలో పీసు?"

పాత కిరసనాయిలు డబ్బాని గోనె మీద బోర్లించారు. ఇనుము వానలా కురిసింది. నాలుగొందల ముక్కలు. అన్నీ నల్లగా, నూనె జిడ్డుతో, అన్నీ ఒకదానికొకటి కజిన్ అన్నట్టు ఉన్నాయి. ఇందులో గూఢచారి ముక్క ఏదో పదకొండున్నరకే కాదు, పన్నెండో నంబరుకైనా తెలియదు.

తవిటయ్య కళ్ళు మూసుకున్నాడు. "ఎలాగూ కనపడవు, తెరిసి ఏటి లాభం," అని వేళ్ళు పనిలో పెట్టాడు. "ఇది గేరు పళ్ళ సెక్రం. ఇది చక్కు దవడ. ఇది సెంటరు. ఇది టూలు బిట్టు, ఇరిగింది. ఇది గేరు. ఇది దవడ..." ఠంగు ఠంగున ముక్కలు పక్కకి పోతున్నాయి. అరగంట గడిచింది. వేళ్ళు ఆగాయి.

"ఇది ఏ లేతుదీ కాదు."

అరచేతిలో గుండ్రటి ఉక్కు బిళ్ళ. చిన్న డబ్బా మూతంత ఉంది. పక్క అంచున సన్నటి మర, పైన వేళ్ళకి పట్టు దొరికేలా గరుకు గీతలు, కింద రబ్బరు రింగు కూర్చోడానికి గాడి. దేనికి మూతో తెలీదు.

లేతు ఆగిన షెడ్డు ముందు జనం ఆగకుండా ఉంటారా? రేడియో రిపేరు సుందర్ రాజ్ చూసి, స్పీకరు వెనక మూత అన్నాడు. కాంపౌండరు చూసి ఆక్సిజన్ సిలిండరుది అన్నాడు. బ్యాండు మేళం చలమయ్య ఊది చూసి, "మోగట్లేదు, అయినా బాజాదే," అన్నాడు. ఎవడి వృత్తి వాడి కంట్లో నలుసు. దయానందానికి మాత్రం అది బాంబు మూతలా కనిపించింది. అతని వృత్తి అది.

"తప్పుకోండెహె!" తవిటయ్య అందరినీ తరిమాడు. గోటితో మర మీద గీసుకుంటూ పోయాడు. ఒక్కసారిగా ముసలాడి ముఖం ముడుచుకుపోయింది.

"దీన్ని సేసింది సత్యమే బాబూ. మా లేతు గేరుకి ఒక పన్ను ఇరిగింది. అందుకని పెతీ నాలుగో సుట్టుకీ మర సిన్న ఎక్కిలి ఎడతాది. కంటికి కనపడదు, గోటికే తెలుస్తాది. ఇది మా లేతు సంతకం."

"వాడే చేస్తే, ఏ మిషనుదో తెలీదని నాకెందుకు రాశాడు?"

"గిరాకీ కాయితం మీద బొమ్మ ఇస్తాడు, కొలతిస్తాడు. దేనికని సెప్తే సెప్తాడు, నేపోతే నేదు. కొత్త సామాను ఏదొచ్చినా లేతోడు రెండు తీస్తాడు. మొదటిది సెయ్యి నేర్సుకోడానికి, రెండోది గిరాకీకి. మొదటిది పారెయ్యడు. రేపు ఆడే మల్లీ వస్తే కొలత మన కాడుండాల కదా? జత పీసంటాం దీన్ని. మా తాతల నాటి రివాజు. బయటోడికి తెలీదు."

చంపినవాడికీ తెలీదు. బొమ్మ కాగితం పట్టుకుపోయాడు, మనిషి నోరు మూసేశాడు, జత పీసుని డబ్బాలో వదిలేశాడు.

"ఇంకోటి సూడు," తవిటయ్య బిళ్ళని గాల్లో తిప్పి చూపించాడు. "ఇది ఎదురు మర. మామూలు మూత ఎడంకి తిప్పితే ఊడతాది. ఇది ఎడంకి తిప్పితే ఇంకా బిగుస్తాది, కుడికి తిప్పితే ఊడతాది. తెలీనోడు తియ్యకూడదనే ఇలాగ సేయించినాడు."

అప్పుడే టీ పోతమ్మ వచ్చింది. పొద్దున్న రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి షెడ్లన్నిటికీ ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చే మనిషి. గ్లాసులు కింద పెట్టి, బిళ్ళ వంక తొంగి చూసింది.

"ఓలమ్మో! ఇది ప్లాస్కు అడుగు బిళ్ళ కాదేటి?"

"ఏమన్నావ్?"

"కిందటేడు నా ప్లాస్కు అడుగు ఊడిపోతే సత్యవే సేసిచ్చినాడు. కావాలంటే సూడండి." ఫ్లాస్కుని తల్లకిందులు చేసింది. లోపలి గాజు జారిపోకుండా అడుగున బిగించే మూత ఉంది. అదే గుండ్రం, అదే గాడి. రెండూ పక్కపక్కన పెడితే అన్నదమ్ములే. మర ఒక్కటే ఎదురు. అన్నదమ్ములన్నాక ఆ మాత్రం ఉంటుంది.

"నాను బిళ్ళ సేయించుకుంటే ఒక్కసారికి అయిపోనాది. మొన్న ఇలాటిదే సేయించుకున్న తెల్లదొర నాలుగుసార్లు తిరిగినాడు బాబూ! నల్లద్దాలు, టోపీ, మొకం ఎవుడు సూసినాడు. పైపు ముక్కకి బిళ్ళ బిగించి, బకెట్లో ముంచడం, సుక్క నీరెల్లిందంటే తిట్టడం. సత్యం నాలుగుసార్లూ నవ్వుతూనే సేసినాడు."

అడుగు దొంగ అర ఉన్న ఫ్లాస్కు. పైన టీ, కింద ఫిల్ము. ఎదురు మర. తెచ్చినవాడు ఓడ ఇంజినీరు. సత్యం లెక్క మొత్తం కట్టి, జవాబు ఒక్కటే రాయడానికి బావని రమ్మన్నాడు. బావకి రాసిన కార్డు ముప్ఫై అడుగులు నడవలేకపోయింది.

* * *

ఒంటిగంటకి పూర్ణా మార్కెట్. ఎండుచేపల వరస. కవర్లో ఉన్న కోడ్ ప్రకారం, నెత్తళ్ళ గంప ముందు నిలబడ్డ ఆడమనిషిని దయానందం అడిగాడు: "ఈ నెత్తళ్ళకి తలలున్నాయా?"

"నీకుందేటి తల?" గంప గంగాలమ్మ లేచి నిలబడింది. "పొద్దున్న నుంచి బోణీ నేదు, బేరానికొచ్చినోడు తలలు నెక్కెడతన్నాడు! పో!"

వెనక నుంచి సెంటు వాసన వచ్చింది. ఎండుచేపల వాసనని కూడా ఓడించిన సెంటు. పట్టుచీర, నల్లద్దాలు, పెదాలకి రంగు. "తలలున్నవాళ్ళు నెత్తళ్ళు కొనరండీ," అంది మెల్లగా.

పుష్పకుమారి. రేవులో బే మెరైన్ ఏజెన్సీస్ ఓనరు భీమశంకరరావుకి స్టెనో. ఊళ్ళో అతను పెద్ద దాత. ఏ సభలో చూసినా మెడలో దండ. ఆ దండలకి దారం ఎక్కడినుంచి వస్తోందో పుష్పకుమారికే తెలుసు. ఆయన ముఠాలో మనిషిగా జీతం తీసుకుంటూ, రెండేళ్ళుగా సెక్షన్‌కి కబుర్లు మోస్తున్న డబుల్ ఏజెంటు.

"ఫిల్ము ఇవాళే పోతోంది. కొరాలినా అనే ఓడ, నాలుగూ పదికి పోటు మీద బయల్దేరుతుంది. ఎవరి చేత పంపుతున్నాడో నాకు తెలీనివ్వలేదు. ఒక్కటే తెలుసు. వెళ్ళే ప్రతి ఓడ ఆఫీసర్లకీ ఆయన స్టీలు ఫ్లాస్కులు బహుమతి ఇస్తాడు. ఈసారి పదకొండు. పదకొండూ ఒకేలా ఉంటాయి."

"లేతు షెడ్డు అడ్రసు ఎవరిచ్చారు ఆ ఓడ ఇంజినీరుకి?"

ఆమె నల్లద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేనే టైపు చేశాను. ఎవరో విదేశీవాడికట, పేరూ, ఎందుకన్నదీ చెప్పలేదు. ఆ రోజే సెక్షన్‌కి రిపోర్టు పంపాను, విదేశీవాడికి లేతు షెడ్డుతో ఏం పని, చూడండీ అని. ఇంగ్లీషులోనే పంపాను. పరిశీలనలో ఉందన్నారు."

తెలుగైతే అనువాదంలో, ఇంగ్లీషైతే పరిశీలనలో. ఏ భాషలో అరిస్తే వినిపిస్తుంది ఈ చెవిటి కొంపకి! దయానందం పక్కనున్న గంపని తన్నబోయి, గంగాలమ్మ ముఖం చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. ధైర్యానికీ హద్దుండాలి.

* * *

మూడూ నలభై. రేవులో కొరాలినా పొగ వదులుతోంది. ఓడ నిచ్చెన కింద, ప్లాట్‌ఫారం మీద పదకొండుమంది ఆఫీసర్లు నిలబడి, చంకల్లో పదకొండు ఫ్లాస్కులతో భీమశంకరరావు చేత దండలు వేయించుకుంటున్నారు. పక్కన పుష్పకుమారి, చేతిలో హ్యాండ్‌బ్యాగు.

ఖాకీ నిక్కరూ, తలమీద టోపీ, చేతిలో ఫినాయిలు డబ్బాతో పోర్టు హెల్తు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనకే చీపురూ బకెట్టూ పట్టుకుని పోతమ్మ. మన దేశంలో తుపాకీ ఉన్నవాడి మాట వినని వాడుంటాడు గాని, ఫినాయిలు ఉన్నవాడి మాట వినని వాడు లేడు.

"ఆగండి! ఈ ఫ్లాస్కుల లాటులో బొద్దింక గుడ్లు దొరికాయి. టీ ఒంపెయ్యండి. మూత బిగించండి. అడుగు బిళ్ళ విప్పి చూపించండి. చూపించనివాళ్ళకి వారం క్వారంటైను," అని దయానందం ఇంగ్లీషులో గర్జించాడు. గర్జన మాత్రం తెలుగు.

"నేనిచ్చిన బహుమతుల్లో బొద్దింకలా?" భీమశంకరరావు ఎర్రబడ్డాడు.

"బొద్దింకలకి ఇచ్చినవాడెవడో తెలీదండి. వెచ్చగా ఉంటే చాలు, దూరేస్తాయి."

మొదటివాడు ఎడంకి తిప్పాడు. ఊడింది. గాజు తప్ప ఏమీ లేదు. రెండు, మూడు, నాలుగు. అందరూ ఎడమే. అయిదోవాడు చిరాకేసి, విప్పిన ఫ్లాస్కుని కాల్తో తన్నాడు. అది నీళ్ళలో పడి, గుడగుడమని నీళ్ళు తాగి, అడుక్కి పోయింది. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. అన్నీ ఖాళీ. నాలుగూ అయిదు. ఓడ కూత పెట్టింది.

పదోవాడు ముందుకొచ్చాడు. సెకండ్ ఇంజినీరు హేల్. తాటి మానంత మనిషి. టీ ఒంపాడు. మూత బిగించాడు. అడుగు బిళ్ళని ఎడంకి తిప్పాడు. కదల్లేదు. గట్టిగా తిప్పాడు. నవ్వాడు. "బిగిసిపోయింది. తుప్పు."

కొత్త స్టీలు ఫ్లాస్కుకి తుప్పు! కుడికి తిప్పితే ఊడి నేరం బయటపడుతుంది, ఎడంకి తిప్పితే ఊడక దొంగ బయటపడతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఎదురు మర.

"ఇలా ఇవ్వు," అన్నాడు దయానందం చాలా మెల్లగా. "నేను కుడికి తిప్పుతాను."

హేల్ నవ్వు ఆరిపోయింది. ఒక్క క్షణం. మరుక్షణం ఫ్లాస్కు అతని చేతిలోంచి ఎగిరి, గాల్లో మెరిసి, దూరంగా కాలవ నీళ్ళలో పడింది. మునిగిపోయింది.

"ఏ ఫ్లాస్కు?" అన్నాడు హేల్, చేతులు దులుపుకుంటూ.

"హెల్తు ఇన్‌స్పెక్టరు గారూ," భీమశంకరరావు గొంతులో తేనె తిరిగొచ్చింది, "ఆధారం లేకుండా విదేశీ ఆఫీసరుని అరనిమిషం ఆపినా ఢిల్లీ దాకా పోతుంది వ్యవహారం. నిచ్చెన ఎక్కనివ్వండి!"

నాలుగూ తొమ్మిది. దయానందం చెయ్యి హేల్ కాలరు దాకా వెళ్ళి ఆగింది. వస్తువు చేతికి దొరికితేనే మనిషి మీద చెయ్యి. వస్తువు కాలవ అడుగున ఉంది. రాయి మీద పేరు లేకుండా సత్యం మట్టి అడుగున ఉన్నాడు. ఆరోగ్యమ్మకి ఏం చెప్పాలి?

"తేలింది!" పోతమ్మ చీపురు అవతల పారేసి అరిచింది. "బాబూ! తేలింది! అల్లదిగో!"

మామూలు ఫ్లాస్కయితే నీళ్ళు తాగి మునుగుతుంది. దీనిలోకి నీళ్ళెలా వెళ్తాయి? నాలుగుసార్లు బకెట్లో ముంచి, చుక్క కూడా జొరబడకుండా సత్యం బిగించిన బిళ్ళ అది. టీ ఒంపేసిన ఫ్లాస్కు, అడుగు అరలో గాలి పట్టుకుని, నీటిమీద తలెత్తి, సాయంత్రపు ఎండలో తళతళలాడుతోంది. ఓడకి దారి చూపే పైలట్ లాంచీలో కుర్రవాళ్ళు కొక్కెం కర్రతో దాన్ని లాగేశారు.

హేల్ నిచ్చెన మీదికి దూకాడు. పోతమ్మ ఫినాయిలు బకెట్టు అతని కాళ్ళ కింద బోర్లించింది. తాటి మాను కూలింది. భీమశంకరరావు కోటు జేబులోకి చెయ్యి పెట్టబోయాడు; పుష్పకుమారి హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు వచ్చింది. అది ఒక క్షణం దయానందం వైపు తిరిగి, అతనికి చెమటలు పట్టించి, తరవాత ఓనరు పొట్ట మీద ఆగింది.

"చేతులు పైకెత్తండి సార్. రెండేళ్ళు మీరు చెప్పారు, నేను రాసుకున్నాను. ఇప్పుడు నేను చెప్తాను."

దయానందం ఫ్లాస్కుని తల్లకిందులు చేసి కుడికి తిప్పాడు. బిళ్ళ మెత్తగా ఊడింది. లోపల పొడి గుడ్డలో చుట్టిన ఫిల్ము. చుక్క తడి లేదు. జేబులోంచి జత పీసు తీసి అదే అరకి బిగించాడు. నాలుగో చుట్టు దగ్గర చిన్న ఎక్కిలి. వేళ్ళకి తెలిసింది.

ఫినాయిల్లో బోర్లా పడ్డ హేల్ చెవి దగ్గర వంగాడు. "చుక్క నీరు పోకూడదని నాలుగుసార్లు తిట్టావట వాణ్ణి. పోలేదు, చూడు. నువ్వు వాణ్ణి చంపావు గాని, నువ్వు చేయించుకున్న పనిని ముంచలేకపోయావు."

ఇంజిను రూములో మూలన చిన్న లేతు ఉంది. దాని కీ వేలాడాల్సిన మేకు ఖాళీగా ఉంది. స్టేషన్ నుంచి తెచ్చిన కీని ఆ చక్కులో పెడితే, చక్కగా కూర్చుంది.

* * *

పోలీసు కాగితంలో 'అజాగ్రత్త' కొట్టేశారు. కొట్టేస్తున్నప్పుడు దయానందం స్టేషన్ రైటరు పక్కనే నిలబడ్డాడు. మొదటిసారి ఒక గీత పెడితే ఒప్పుకోలేదు. కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయన్నాడు. కాగితం చిరిగేదాకా గీయించాడు. చిరిగిన కాగితం దాఖలు చెయ్యకూడదని కొత్తది రాయించాడు.

ఆదివారం ప్రార్థనల తరవాత ఆరోగ్యమ్మ కొత్త రాయిని చేత్తో తడిమింది. 'సత్యం. టర్నరు.' అంతే చెక్కించింది. తవిటయ్య గోటితో అక్షరాల మీద గీసి చూసి, "బాగా తీసినాడు," అన్నాడు.

వారం తరవాత ఢిల్లీ నుంచి రహస్య ముద్రతో కవరొచ్చింది. సత్యం పోస్టుకార్డుకి అధికారిక హిందీ అనువాదం. పీసు అన్న మాట దగ్గర ట్రాన్స్-లేటు వాళ్ళు చాలా ఆలోచించినట్టున్నారు. 'బావగారికి నమస్కారములు. డబ్బాలో శాంతిని ఉంచితిని. త్వరగా రండి.' కింద శ్రీరామ్మూర్తి సంతకం, ఎర్ర సిరాతో రిమార్కు: 'కుటుంబ విషయము. చర్య అనవసరం. అభిప్రాయం తెలుపగలరు.'

దయానందం అభిప్రాయం తెలిపాడు. నాలుగు పేజీలు, జ్ఞానాపురం తెలుగులో.

రెండేళ్ళయింది. అది ఇంకా అనువాదంలోనే ఉంది. అందులోని మాటలకి సమానార్థకాలు దొరకడం లేదట.